పురుడు పోయడానికి పుట్టింట్లో ఎవరూ లేకపోతే భర్త చూసుకోగలడా?

ప్రశ్న ఇదీ. విజయవాడ నుంచి ఒకాయన అడిగారు. భార్యకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. ఆమె తల్లి నాలుగేళ్ల కిందట పోయారు. ఈయన తల్లిగారికి మోకాళ్ల నొప్పులు, రెండో అంతస్తు మెట్లు ఎక్కలేరు. "పురుడు పోయడానికి ఎవరూ లేరండీ. డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలా, నేనే చూసుకోగలనా? లేబర్ రూములోకి నన్ను రానిస్తారా? ఎక్కువ సెలవు దొరకదు."

చూసుకోగలరు బాబూ. డబ్బిచ్చి పెట్టుకునే మనిషి వంటకు, గిన్నెలకు, బట్టలకు కావాలి, తప్పకుండా పెట్టుకోండి. ఆ అమ్మాయి పక్కన ఉండే పని మాత్రం మీదే. లేబర్ రూములోకి రానిస్తారా అన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక గుమ్మం దగ్గర వాదించేకంటే ఈ వారమే వెళ్లి అడిగి రండి. మిమ్మల్ని రానివ్వకపోతే లోపల నిలబడటానికి ఒక ఆడమనిషిని కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

నేను గుంటూరులో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం లేబర్ రూములోనే. రిటైరయ్యాక తెలిసినవాళ్లు పిలిస్తే ఇళ్లకు వెళ్లి బాలింతలను చూసి వస్తుంటాను. మందుల సంగతి మీ డాక్టరమ్మ చెబుతుంది. పక్కన నిలబడ్డ మనిషి ఏం చేయాలో నేను చెబుతాను.

ముందు ఒక్కటి తేల్చుకోండి: తల్లి మనిషి ఎవరు? ఇన్నేళ్లలో నేను చూసింది ఏమిటంటే, బిడ్డ పుట్టగానే అందరూ ఉయ్యాల చుట్టూ చేరతారు. మేనత్త ముక్కు ఎవరిదో చెబుతుంది, తాతగారు ఫొటోలు పంపుతుంటారు, ఇంకొకరు దిష్టి చుక్క పెడతారు. మంచం మీద ఉన్న మనిషి మంచినీళ్లు తాగి ఎన్ని గంటలైందో ఒక్కరూ అడగరు. పుట్టింట్లో పురుడంటే అక్కడ తల్లి ఉంటుంది కాబట్టి ఆ అడిగే పని జరిగిపోతుంది. మీ ఇంట్లో ఆ మనిషి లేరు కాబట్టి, ఫలానా మనిషి అని ముందే అనుకోవాలి. ఆ మనిషికి బిడ్డ బాధ్యత రెండోది. తల్లి తిన్నదా, తాగిందా, పడుకుందా, బాత్రూముకు వెళ్లిందా, ఏడ్చిందా అన్నదే మొదటిది. మీ ఉత్తరం చూస్తే ఆ మనిషి మీరేనని నాకు అనిపిస్తోంది.

లేబర్ రూము సంగతి కాస్త వివరంగా చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో తలుపు వేసేసేవాళ్లం. అమ్మలు బయట వరండాలో, కూతుళ్లు లోపల. లోపల ఒక్కో రాత్రి పదిమందికి ఇద్దరం ఉండేవాళ్లం. అరిచిన పిల్లల మీద మేమూ అరిచాం. దాచుకోవడం ఎందుకు, నేనూ అరిచాను. ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని వెళ్లిపోయాను, పక్క టేబుల్ మీద తల కనిపిస్తోందని. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ చెయ్యి పట్టుకునే మనిషి నర్సే కానక్కర్లేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లి పక్కన ఒక తోడు మనిషిని ఉండనివ్వమని చెప్పింది. ఆ తర్వాత 2017లో లేబర్ రూములను బాగుచేయడానికి తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ ఈ తోడు మాట ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని స్పష్టంగా రాశారు. ఊరికే ఆదరణ కోసం చెప్పిన మాట కాదది. 15 వేల మందికి పైగా తల్లులు పాల్గొన్న అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఎడతెగకుండా తోడున్నవాళ్లలో నొప్పుల సమయం కొంత తగ్గింది, సిజేరియన్లు కొంత తగ్గాయి, కాన్పు చేదు జ్ఞాపకంగా మిగిలినవాళ్లూ తగ్గారు.

ఈ తోడు మనిషికి కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. తోడు వచ్చేది ఆడమనిషి కావాలి, వీలైతే తనూ ఒక బిడ్డను కన్న మనిషి అయితే మంచిది. జలుబు, దగ్గు, అంటువ్యాధులు ఉండకూడదు. శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి. మొదటి నుంచి చివరి దాకా ఉండాలి, డాక్టర్లకు అడ్డు రాకూడదు, పక్క టేబుల్ మీది వాళ్ల జోలికి పోకూడదు. మరుగు ఉన్నచోట భర్తనూ అనుమతించవచ్చు. అసలు చిక్కు ఈ మరుగు దగ్గరే. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఒకే గదిలో నాలుగైదు టేబుళ్లు, మధ్యలో కర్టెన్లు. అక్కడికి మగమనిషిని పంపితే పక్కనున్న ఆడవాళ్లకు ఇబ్బంది, అది న్యాయమే. సూర్యారావుపేటలోనో మా గుంటూరు కొత్తపేటలోనో ప్రైవేటు నర్సింగ్ హోములైతే విడి గది ఉన్నచోట ఒప్పుకునేవాళ్లున్నారు, ససేమిరా అనేవాళ్లూ ఉన్నారు.

అందుకే వెళ్లి మూడు సంగతులు అడగండి. నొప్పుల మొదటి నుంచి ఒక మనిషిని ఉండనిస్తారా, లేక తల కనిపించే ముందు పిలుస్తారా? ఆపరేషన్ అయితే బిడ్డను తల్లి దగ్గరికి ఎంతసేపట్లో తెస్తారు? రాత్రిపూట మగమనిషి వార్డులో పడుకోవచ్చా? మూడో ప్రశ్న చాలామంది మరిచిపోతారు. కొన్నిచోట్ల రాత్రి తొమ్మిదికి మగవాళ్లను బయటికి పంపేస్తారు. మొదటి రాత్రి ఆ అమ్మాయి పక్కన ఎవరూ లేకుండా పోతారు.

ఆడమనిషి ఎవరు దొరుకుతారని మీరు అనవచ్చు. అమ్మాయి పిన్నిగారో, మీ అక్కగారో, లేదంటే కింది వాటాలో ఉండే ఆవిడో. చుట్టరికం కంటే స్వభావం చూడండి. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి సొంత మేనత్త తోడొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ "మా రోజుల్లో చేలో పని చేసి వచ్చి కన్నాం, నువ్వేంటే ఇంత గోల" అని ఒకటే పోరు. ఆ పిల్ల బిగుసుకుపోయింది. చివరికి నేనే టీ తాగి రమ్మని మేనత్తను బయటికి పంపాను. అదే నెలలో ఇంకొక అమ్మాయికి అత్తగారు వచ్చారు. ఆవిడ ఆరు గంటల్లో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండరు. నొప్పి వచ్చినప్పుడల్లా నడుము నొక్కడం, దిగగానే తడిగుడ్డతో ముఖం తుడవడం, గుక్కెడు నీళ్లు పట్టడం. అంతే. నేను చూసిన మంచి తోడుల్లో ఆవిడ ఒకరు.

నొప్పులప్పుడు మీరు చేయాల్సింది. తొలి కాన్పుకు నొప్పులు మొదలయ్యాక చాలా సమయం పడుతుంది. ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి దాదాపు నిమిషం పాటు, అలా గంటసేపు వస్తుంటే బయలుదేరండి. అప్పటిదాకా ఇంట్లో నడవనివ్వండి, ఇడ్లీయో పెరుగన్నమో తిననివ్వండి, కునుకు వస్తే పడుకోనివ్వండి. ఫోనులో టైము రాసిపెట్టండి, లోపల మొదట అడిగేది అదే. కానీ ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గిందనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా నొప్పుల లెక్క పక్కన పెట్టి వెంటనే వెళ్లండి. సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్ దాటడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఇంకో దారి కూడా చూసి పెట్టుకోండి. అత్యవసరమైతే 108.

లోపలికి రానిస్తే ఇవి గుర్తుంచుకోండి. నొప్పి ఎక్కేటప్పుడు నడుము కింది భాగంలో అరచేతి మడమతో గట్టిగా నొక్కిపట్టండి. చాలామందికి అది హాయిగా ఉంటుంది, కొందరికి తాకితేనే చిరాకు. చిరాకు పడితే చెయ్యి తీసేయండి, నొచ్చుకోకండి. రెండు గంటలకోసారి మూత్రానికి లేపండి, నిండిన మూత్రసంచి బిడ్డ దిగే దారికి అడ్డం. డాక్టరు వద్దనకపోతే నీళ్లు, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా పట్టండి. వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టకండి, పక్కకు తిప్పండి, వీలైతే నిలబెట్టండి.

ముక్కమని మాత్రం మీరు చెప్పకండి. బయట వరండాలో ఉన్న ప్రతివాళ్లూ "ముక్కు అమ్మా, ముక్కు" అని అరుస్తుంటారు. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే అలుపు తప్ప ఏమీ మిగలదు. ఎప్పుడు ముక్కాలో నర్సు చెబుతుంది. ఇంకొక మాట, ఫోను జేబులో పెట్టండి. వీడియో తీసే భర్తను నేను బయటికి పంపాను, ఒకసారి కాదు.

ఏదైనా చేస్తున్నప్పుడు "ఇది ఎందుకమ్మా?" అని నెమ్మదిగా అడగండి. అడిగే హక్కు మీకుంది, మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు. పైనుంచి పొట్ట మీద బలంగా తోసి బిడ్డను దించే పద్ధతి ఇప్పుడు మంచిది కాదంటున్నారు. మేం పనిలో చేరినప్పుడు అది మామూలు. ఎవరైనా చేయబోతే అడగండి. అయితే బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోతుంటే డాక్టరు నిమిషాల్లో నిర్ణయం తీసుకుంటుంది. అప్పుడు వాదించకండి, పక్కకు జరగండి.

ఆపరేషన్ కావచ్చన్నదానికీ మనసు సిద్ధం చేసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 63 శాతం. ఇందులో అవసరమైనవెన్ని, కానివెన్ని అన్నది వేరే చర్చ, మొదలుపెడితే ఇక్కడితో ఆగను. మీ అమ్మాయికి అయితే మాత్రం "నార్మల్ కాలేదా" అనే మాట ఎవరి నోటా రానివ్వకండి. పొట్ట కోసి కుట్లు వేసిన మనిషికి తోడు ఇంకా ఎక్కువ కావాలి. పక్కకు తిరగడానికి, లేచి కూర్చోవడానికి, బిడ్డను రొమ్ముకు అందించడానికి ప్రతిసారీ ఒక చెయ్యి ఉండాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని దగ్గమనండి. డాక్టరు లేవమన్నప్పుడు లేపి నాలుగడుగులు నడిపించండి. జాలిపడి పడుకోబెడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

పుట్టిన మొదటి గంట. బిడ్డ బాగా ఏడ్చి, ఊపిరి బాగుంటే తల్లి ఛాతీ మీద, బట్ట అడ్డం లేకుండా పడుకోబెట్టాలి. గంటలోపు పాలు పట్టాలి. ముర్రుపాలు చెంచాడే వస్తాయి, ఆ రోజుకు ఆ పొట్టకు అంతే కావాలి. ఇక్కడే "పాలు పడలేదు, డబ్బా తెండి" అనే కేక వినిపిస్తుంది. తేనె, పంచదార నీళ్లు, ఆముదం, వస ఏవీ వద్దు. ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు, గుంటూరు మే నెల ఎండల్లో అయినా సరే. మీ చెయ్యి అడ్డం పెట్టాల్సిన మొదటి చోటు ఇది. పెద్దావిడ ఎవరో చిటికెనవేలికి తేనె రాసుకుని వస్తే, నవ్వుతూనే ఆపండి.

అలాగే ఆడపిల్ల పుడితే "మళ్లీ చూద్దాంలే" అని ఓదార్చే మనిషి ఒకరు తయారవుతారు. ఆ మాట తల్లి చెవిన పడకముందే ఆవిడను బయట కూర్చోబెట్టడం కూడా తోడు పనే.

మొదటి 24 గంటలు రక్తస్రావం మీద కన్నుండాలి. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా, తల తిరుగుతోందన్నా నర్సును పిలవండి. మేం పక్కనే ఉన్నామని మాకే కనిపిస్తుందనుకోకండి. దుప్పటి కింద ఏం జరుగుతోందో పక్కనున్న మనిషికే ముందు తెలుస్తుంది. నార్మల్ కాన్పయితే ఆరు గంటల్లోపు మూత్రం రావాలి, రాకపోతే చెప్పండి.

ఇంటికి వచ్చాక మొదలయ్యేదే అసలు పురుడు. మీ సెలవు గురించి చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటులో ఇవ్వాలనే చట్టం లేదు కాబట్టి మీకున్న నాలుగు రోజులను తెలివిగా వాడుకోవాలి. అందరూ కాన్పు రోజు నుంచి వరసగా పెట్టేస్తారు. ఆసుపత్రిలో మనుషులుంటారు, నర్సులుంటారు. మూడో రోజు నుంచి పదో రోజు వరకూ ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడే పాలు ఒక్కసారి పొంగి రొమ్ములు రాయిలా గట్టిపడతాయి, కుట్లు లాగుతుంటాయి, నిద్ర ఉండదు, కారణం లేకుండా ఏడుపు వస్తుంది. మీ సెలవు అక్కడికి దాచండి.

రాత్రి పని పంచుకోవడం సులువు. పాలివ్వడం ఒక్కటే ఆమె పని, మిగతాదంతా మీది. ఏడవగానే మీరు లేవండి, తడిగుడ్డ మార్చండి, బిడ్డను తెచ్చి ఆమె పక్కన పెట్టండి. తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించి పడుకోబెట్టండి. ఆమె పక్కకు తిరిగి పడుకునే పాలివ్వవచ్చు, మీరు మాత్రం మెలకువగా ఉండండి. మా పక్క వీధిలో ఒక కుర్రాడు ఇలాగే చేశాడు. వాళ్లమ్మ మొదటి రెండు రోజులు "మగాడితో ఇవేం పనులు" అంది. మూడో రోజు నుంచి తనే పక్కింటివాళ్లకు గొప్పగా చెప్పుకుంది.

రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తే పాలు చాలుతున్నట్టే. మొదట్లో బరువు కాస్త తగ్గి, రెండు వారాల్లోపు పుట్టిన బరువుకు వస్తుంది. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే పాలు తక్కువై కాదు, బిడ్డ నోరు సరిగా పట్టకపోవడమే చాలాసార్లు కారణం. నల్లభాగం కూడా నోట్లోకి వెళ్లాలి. రొమ్ము గట్టిపడితే పాలిచ్చే ముందు గోరువెచ్చని గుడ్డ, ఇచ్చాక చల్లని గుడ్డ. ఎర్రబడి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి. పాలు మాత్రం ఆపనక్కర్లేదు.

ఇక పథ్యం. ఇక్కడే ఇళ్లలో యుద్ధాలవుతాయి. నేను అన్నిటినీ కొట్టిపారేసే మనిషిని కాదు. వెల్లుల్లి కారం, నెయ్యి, శొంఠి, మునగాకు, సొరకాయ, బీరకాయ అన్నీ భేషుగ్గా పెట్టండి. బాలింతలకు చేసిపెట్టే కాయం ఓ చిన్న ఉండ తింటే తిననివ్వండి. చెవుల్లో దూది పెట్టుకుంటే ఆమెకు వెచ్చగా ఉంటుంది, నష్టం లేదు. నడికట్టు కూడా వదులుగా, నడవడానికి ఆసరాగా ఉంటే సరే. ఊపిరి ఆడకుండా బిగించి కట్టడం వద్దు.

కానీ నీళ్లు తగ్గించడం ఒక్కటి నేను ఒప్పుకోను. "బాలింతకు నీళ్లిస్తే పొట్ట పెరుగుతుంది, సంధి కొడుతుంది" అంటారు. తాడికొండ దగ్గర ఒక ఇంట్లో మే నెలలో చూశాను, ఆ పిల్లకు పూటకు అరగ్లాసు కాచిన నీళ్లు, రేకుల గది, తలుపు మూసి సాంబ్రాణి. వెళ్లేసరికి పెదాలు ఎండిపోయి, మలబద్ధకంతో కుట్ల దగ్గర ఏడుస్తోంది, మూత్రంలో మంట. పాలు తగ్గాయని డబ్బా మొదలుపెట్టారు. నేను చేసింది వైద్యమేమీ కాదు, ఫ్యాను వేసి, కిటికీ తీసి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టాను. పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు. కాచి చల్లార్చినవైనా సరే, నీళ్లు నీళ్లే.

పప్పు, గుడ్డు, చేపలు, ఆకుకూరలు, పండ్లు, పెరుగు ఆపకండి. రెండు నెలలు చారన్నంతో గడిపితే రక్తహీనత ఎలా తగ్గుతుంది? ఐరన్ మాత్ర రోజుకొకటి, కాల్షియం రోజుకు రెండు, కాన్పు తర్వాత ఆరు నెలలు వాడాలి. ఆ రెండూ ఒకేసారి మింగకూడదు, ఐరన్ మాత్ర టీతో అసలే వద్దు. ఈ మాత్రలు బీరువాలో అలాగే ఉండిపోవడం నేను ప్రతి ఇంట్లో చూస్తాను.

నీళ్లుపోసే ఆవిడను పెట్టుకుంటే మంచిదే, మన రెండు ఊళ్లలోనూ దొరుకుతారు. మొదటిరోజే చెప్పేయండి. బిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె వద్దు, రొమ్ములు పిండవద్దు, బొడ్డు మీద ఏమీ పెట్టవద్దు, పొడిగా వదిలేయాలి, కాటుక కంట్లో వద్దు, పొగ వద్దు. గోళ్లు చూడండి, చేతులు సబ్బుతో కడగమనండి. ఆవిడ నొచ్చుకుంటుందేమోనని ఊరుకోకండి.

తల్లికి ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు: జ్వరం 100.4 దాటడం, దుర్వాసనతో స్రావం, రక్తం తగ్గి మళ్లీ ఒక్కసారిగా ఎక్కువవడం, ఒక కాలు పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు. ఈ తలనొప్పి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పొన్నూరు వైపు ఒక అమ్మాయికి కాన్పయిన ఆరో రోజు తలనొప్పి వచ్చింది. దూది పెట్టుకోలేదు, గాలి తగిలిందని ఇంట్లోవాళ్లు మిరియాల కషాయం ఇచ్చారు. అదృష్టం కొద్దీ ఆ రోజు నేను వెళ్లాను. బీపీ 170/110 ఉంది. కాన్పుకు ముందు ఎప్పుడూ బీపీ లేదు. వెంటనే 108 పిలిచి పంపాం. బిడ్డ పుట్టాక కూడా, ఆరు వారాల దాకా, బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. ఇంట్లో ఒక బీపీ మిషన్ కొని పెట్టుకోండి, ఉయ్యాల కంటే ముందు.

బిడ్డకైతే పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలడం, డొక్కలు ఎగరేయడం, పసుపు అరచేతులకూ అరికాళ్లకూ పాకడం. కామెర్లకు పొద్దుటి ఎండ చూపిస్తూ కూర్చోకండి, డాక్టరుకు చూపించండి.

మనసు గురించి. మూడో, నాలుగో రోజు ఏడుపు చాలామందికి వస్తుంది, నాకూ వచ్చింది. అప్పటికి వందల కాన్పులు చూసిన దాన్ని, నా రెండో కాన్పు తర్వాత పాలగిన్నె పొంగిపోయిందని గంటసేపు ఏడ్చాను. మా ఆయన ఏమీ అనకుండా స్టవ్వు తుడిచి, బిడ్డను ఎత్తుకుని మేడ మీదికి వెళ్లారు. నేను మూడు గంటలు పడుకున్నాను. రెండు వారాల్లోపు ఇది దానంతటదే తగ్గుతుంది. తగ్గకుండా, తిండి మీద ధ్యాస పోయి, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టక, "నావల్ల కాదు, నేను లేకపోతేనే మంచిది" లాంటి మాటలు వస్తే అది డిప్రెషన్. వైద్యముంది, పాలిస్తూ వాడదగ్గ మందులూ ఉన్నాయి. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పొంతన లేని మాటలు, లేనివి వినిపించడం, రెండు మూడు రాత్రులు అసలు నిద్రే లేకపోవడం అయితే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దాన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తిప్పితే చేజారిపోతుంది. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చేవి కూడా వదులుకోవద్దు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, తిండి ఉచితం. ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది, 102. అర్హత ఉంటే మాతృవందన యోజన కింద తొలి బిడ్డకు 5,000 రూపాయలు వస్తాయి. ఆశా కార్యకర్త 42 రోజుల లోపు ఇంటికి ఆరుసార్లు రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. కానీ పుట్టింటి ఊళ్లో పేరు రాయించుకుని మీ ఊళ్లో కాన్పయితే రెండు చోట్లా ఎవరూ రారు. మీ వార్డులో ఉండే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎమ్‌ను ఇప్పుడే కలిసి పేరు రాయించండి. ప్రైవేటులో కాన్పయినా ఇది వర్తిస్తుంది. ఆరో వారం చెకప్‌కు తల్లిని కూడా చూపించండి, టీకాకు బిడ్డనొక్కదాన్నే ఎత్తుకెళ్లడం కాదు. తర్వాతి బిడ్డకు ఎడం గురించి అక్కడే అడగండి. పాలిస్తున్నంతకాలం గర్భం రాదనే నమ్మకంతో పది నెలలకే మళ్లీ వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

చివరగా మీ అమ్మగారి సంగతి. మోకాళ్లు నొప్పులే కానీ ఒడి ఉంది కదా. ఆ నెల రోజులకు ఎవరైనా ఇద్దరు పట్టుకుని ఒక్కసారి మేడెక్కించి తెచ్చేయండి, మళ్లీ దించే పని పెట్టుకోకండి. చేతులున్న కుర్చీ ఒకటి వేసి, పాలు తాగిన బిడ్డను ఆవిడకు అందించండి. మధ్యాహ్నం రెండు గంటలు ఆవిడ ఎత్తుకుంటే మీ ఆవిడ పడుకుంటుంది. నీళ్ల గురించి మాత్రం ఆవిడతో ఇప్పుడే, ఈ ఆదివారమే మాట్లాడండి. బిడ్డ పుట్టాక చెబితే కోడలి తరఫున వాదించినట్టవుతుంది. మీ మాట వినకపోతే నాకు ఫోన్ కలిపివ్వండి, ఆవిడ ఈడుదాన్నే కాబట్టి నేను మాట్లాడతాను.